మూడో కట్టు

మళ్ళీ దురద. కట్టు కింద, మోచేతికీ మణికట్టుకీ మధ్య, సరిగ్గా దెబ్బ పడిన చోటే. చీపురు పుల్ల ఒకటి చున్నీ కొసన చుట్టి తెచ్చుకున్నాను, తీసి కట్టులోకి దూర్చి గోకుదామంటే పక్కనే అన్న కూర్చున్నాడు. చూశాడంటే "గోకకు చెల్లె, పుండయితది" అంటాడు. ప్రేమగానే అంటాడు. నా కుడి చెయ్యి బాగుంటే ఆ ప్రేమకు వాడి చెంప పగిలేది. బాగా లేదు కనుకే ఇక్కడున్నాం, ఉప్పల్ డిపో వెనక గల్లీలో, మొగిలయ్య తాత కట్లు కట్టే రేకుల షెడ్డులో, ఇనుప బెంచీ మీద ముగ్గురం వరసగా. ఈ చివర నేను. నడుమ నా చెయ్యి విరగ్గొట్టిన మా అన్న కనకరాజు. ఆ చివర అతని పెళ్ళాం, మా మానస వదిన, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, లోకంలో చూడాల్సింది అదొక్కటే ఉన్నట్టు ఆ డబ్బా మూతనే చూస్తూ. ఆదివారం పొద్దున్నే ఎండ రేకుల్ని కాలుస్తోంది. నారపల్లి రోడ్డు గుంతల్లో బండి మీంచి పడ్డవాళ్ళు, సెంట్రింగు పలకల మీంచి జారినవాళ్ళు, మంచం దిగుతూ తుంటి విరిగిన ఒక ముసలమ్మ, బెంచీల నిండా విరిగినవాళ్ళు, వాళ్ళను మోసుకొచ్చినవాళ్ళు. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, చెమట, అన్నీ కలిసిన నీచు వాసన. విరగ్గొట్టినవాళ్ళు కూడా ఇంకా ఎవరైనా కూర్చున్నారేమో, మొహం చూస్తే తెలియదు. మా అన్న మొహం చూస్తే తెలుస్తుందా? శుభ్రంగా గడ్డం గీసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు.

పచ్చ పరదా వెనక నుంచి ఎవడో ఒక్కసారిగా గొంతు చించుకున్నాడు, "అరే మేస్త్రీ, నీ పాడె గట్ట, పలక ఊగుతున్నదని జెప్పలేదారా, నీ నోట్ల మన్ను వొయ్య!" బెంచీలన్నీ ఘొల్లున నవ్వాయి. ఇక్కడ ఇది మామూలే. విరిగిన ఎముకను లాగి సరిచేసే క్షణంలో మొగిలయ్య తాత రోగిని తిట్టమంటాడు. దేవుణ్ణి మొక్కమనడు, పళ్ళు బిగించి ఓర్చుకొమ్మనడు. "తిట్టు బిడ్డా, నీకు ఎవరి మీద కోపమున్నదో వాళ్ళను పేరు వెట్టి తిట్టు. నోరు బిగవడితె కండ బిగవడ్తది, కండ బిగవడితె ఎముక రాదు" అంటాడు. అందుకే ఈ షెడ్డులో అందరి శత్రువుల పేర్లూ అందరికీ తెలుసు. బండితో గుద్దిన ఆటోవాణ్ణి, జీతం ఎగ్గొట్టిన సేటును, అత్తను, అల్లుణ్ణి, అందరినీ తిడతారు. బయటికొచ్చేటప్పుడు సిగ్గుపడి నవ్వుకుంటూ, తెల్లటి కొత్త కట్టుతో వస్తారు. మొదటి రోజు నేనొక్కదాన్నే తిట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ దవడలు నొప్పెడతాయి. తిట్లు లేక కాదు. నోటి నిండా ఉన్నాయి. ఎవణ్ణి తిట్టాలో వాడే నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఎముక లాగేటప్పుడు మోచేతి పైన కదలకుండా పట్టుకోవడానికి ఇంటివాళ్ళు ఒకరు కావాలి, అదీ ఇక్కడి పద్ధతే. అన్నే పట్టుకున్నాడు. తెచ్చినవాడు అన్న, పట్టుకున్నవాడు అన్న, విరిచినవాడూ అన్నే, ఇంకెవరి పేరు తీసుకోవాలి నేను?

మెట్రో రైలు శబ్దం రేకుల మీంచి పోయింది, చెయ్యి లోపల ఎక్కడో అదిరింది. ఎంత చిన్న అదురుకైనా ఆ రోజు తిరిగొస్తుంది. రాడ్డు ముందు కనబడదు నాకు, వినబడుతుంది. నాచారంలో మా ఇంటి ముందు గది షట్టరుది, అమ్మ అందులో గాజులు, రిబ్బన్లు అమ్ముతుంది, ఆ షట్టరు దించడానికి కొస వంకరగా ఉన్న ఇనుప రాడ్డు ఒకటి గోడకు మేకు మీద ఉంటుంది. అన్న దాన్ని తీసిన చప్పుడు, మేకు మీద ఇనుము గీసిన చప్పుడు, "ఎవర్ని అడిగి పోయినవే" అని అరుపు. వదిన ఎక్కడికి పోయింది? నేను పనిచేసే మాత్రల కంపెనీకి. ప్యాకింగ్ సెక్షన్లో మనిషి కావాలంటే నేనే తీసుకుపోయాను, సూపర్‌వైజరుతో నేనే మాట్లాడాను, వచ్చే నెల నుంచి రమ్మన్నారు, వదిన తిరుగుదారిలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని కారణం లేకుండా నవ్వింది. ఆ నవ్వుకు శిక్ష రాడ్డు. ఆమె తప్పించుకోలేదు, పారిపోలేదు, బియ్యం డబ్బా పక్కన కూర్చుని తలను మోకాళ్ళలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, వర్షం వెలిసేదాకా చూరు కింద ఆగినట్టు ఆగింది. అది చూసి నాకు పిచ్చెక్కింది. ఎప్పుడు చెయ్యి పైకెత్తానో, ఎప్పుడు మధ్యలోకి వచ్చానో తెలియదు. పచ్చి కట్టె విరిగిన చప్పుడొచ్చింది. నొప్పి వెంటనే రాలేదు, అది వచ్చేలోపల నా చెయ్యి ఉండకూడని చోట వంగి ఉండడం చూశాను, ఎవరిదో చెయ్యి అనుకున్నాను. అప్పుడొచ్చింది నొప్పి, వచ్చి కడుపులో ఉన్నదంతా బయటికి కక్కించింది. అన్న రాడ్డు పారేసి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు, "అయ్యో చెల్లె, నిన్ను కాదే, నిన్ను కాదే" అని. నన్ను కాదట. ఆ మాటకే నాకు వాడి పీక కొరకాలనిపించింది. వదినకు తగిలి ఉంటే ఏడ్చేవాడా? చేతులు కడుక్కుని అన్నం తినేవాడు.

దవాఖానాకు ఎందుకు పోలేదు అంటే, పోతే అడుగుతారు కనుక. నాకు ఇ.ఎస్.ఐ. కార్డుంది, నా జీతంలోంచే కోస్తారు, ఆ దవాఖానా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. కానీ అక్కడ డాక్టరు ముందు చెయ్యి చూడడు, ఎట్లా విరిగిందని అడుగుతాడు, కొట్టారంటే రాసుకుంటాడు, పోలీసులకు చెప్తాడు. అమ్మకు అది తెలుసు. అమ్మ నా విరిగిన చేతి కింద దిండు పెడుతూనే అంది, "అన్నను చర్లపల్లికి పంపుతవా బిడ్డా? ఆ జైలు గోడ పక్కపొంటి బస్సుల పోతె నా పానం ఉంటదా?" నా ప్రాణం సంగతి అడగలేదు. వదిన ప్రాణం సంగతి ఎవరికీ గుర్తు లేదు. మొగిలయ్య దగ్గరికి తీసుకుపొమ్మంది, ఆయన చెయ్యి మంచిది, పైగా ఎక్కువ అడగడు అంది. అది అమ్మ లెక్క. ఆయన అడిగాడు, అలవాటుగానే, వెదురు బద్దలు చేతికి కొలుచుకుంటూ, "ఎట్ల ఇరిగింది?" అని. నేను నోరు తెరిచాను. అన్న గుటక మింగడం నా చెవి పక్కనే వినిపించింది. అప్పుడు వెనక నుంచి వదిన అంది, నిదానంగా, ఉప్పు ఉందా అంటే ఉంది అన్నంత మామూలుగా, "బాత్రూంల జారిపడ్డది తాతా." నేను తిరిగి చూశాను. ఆమె కళ్ళు దించుకుంది. నీకు పడాల్సిన దెబ్బ తిన్నాను కదే వదినా, నా ఎముక చర్మం కింద పొడుచుకొస్తోంది కదే! మొగిలయ్య "తిట్టు బిడ్డా" అన్నాడు, అన్న పట్టుకున్నాడు, ఆయన లాగాడు, నేను పళ్ళు బిగించాను. పెదవి తెగి నెత్తురు మెడ దాకా కారింది, మాట రాలేదు.

ఆ తర్వాత మొదలైంది సేవ. అన్న రోజూ పూజ చేసినంత శ్రద్ధగా చేశాడు. మేక కాళ్ళు తెచ్చి, మంట మీద వాడే కాల్చి, వాడే కత్తితో గీకి, పాయ వండించి గ్లాసులో పోసి నోటి దగ్గర పెట్టాడు. నా బొక్క విరగ్గొట్టి మేక బొక్కల రసం తాపుతున్నావా అని గ్లాసు గోడకేసి కొట్టాను ఒకసారి, నూనె చారికలు ఇంకా ఉన్నాయి గోడ మీద. "కోపం జేస్తె ఎముక అతకది చెల్లె" అన్నాడు. రైలు పట్టాల పక్క నుంచి నల్లేరు కోసుకొచ్చాడు, అమ్మ దాన్ని చింతపండేసి తొక్కు నూరింది, తిన్న ప్రతిసారీ గొంతు దురద. పొద్దున గుడ్డు, రాత్రి పసుపు పాలు, వేళ్ళకు నువ్వుల నూనె. వేళ్ళకు నూనె రాస్తుంటే వాడి తల నా ముందు వంగి ఉండేది, నడినెత్తి కనబడేది. ఎన్ని చేశానో ఆ నెత్తిని, మనసులో. ఎడమ చేత్తో రోకలి ఎత్తాను. మరిగే పాయ గిన్నె వంచాను. మా సెక్షన్లో మాత్రలకు రేకు అంటించే మెషిన్లో రెండు వేడి పలకలుంటాయి, వాటి మధ్య వాడి వేళ్ళు ఒక్కొక్కటే పెట్టి మూశాను, చర్మం రేకుకు అంటుకుపోయింది, వాడు నిన్ను కాదే నిన్ను కాదే అని ఏడుస్తున్నాడు, నేను మీట వదల్లేదు. ఇవన్నీ అనుకుంటూ నోట్లో గుడ్డు నములుతూ ఉండేదాన్ని. రాడ్డు మాత్రం మర్నాడే తిరిగి మేకుకు ఎక్కింది. రోజూ రాత్రి దానితోనే షట్టరు దించుతాడు, ఆ గీరు శబ్దం వినగానే వంటింట్లో వదిన చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగుతుంది. నా కట్టు లోపల ఎముక కూడా.

వదిన మీద కోపం అన్న మీద కోపం కన్నా మండుతుంది, అదే నాకు అర్థం కాదు. ఆమే నాకు స్నానం చేయించింది, కట్టు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి. ఆమే తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, పైజామా బొందు కట్టింది. చేతులు అంత చక్కగా పనిచేస్తాయి, నోరొక్కటే పనిచేయదు. ఒకరోజు జడ వేస్తుంటే చెప్పాను. మౌలాలి గుట్ట కింద గది చూశాను, మా సెక్షన్లో పనిచేసే ఒకామె వాళ్ళది, ఇద్దరికి సరిపోతుంది. కట్టు విప్పే ఆదివారం నేను ఇంటికి తిరిగి రాను, షెడ్డు నుంచి అటే పోతాను, నువ్వూ రా, కంపెనీ వాళ్ళు నీ ఉద్యోగం ఇంకా ఉంచారు. వదిన దువ్వెన ఆగలేదు. జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు మూడుసార్లు తిప్పి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. అన్నకు ఎదురు చెప్పడానికి పెదవి కదపదు, అన్న పేరు కూడా ఎత్తదు, పెళ్ళయినప్పటి నుంచి "మీ అన్న", "ఆయన", "గాయన". కరెంటు బిల్లు మీద పేరు చదవమంటే చదవదు. నేనొక్కదాన్ని పోతే ఆ రాడ్డుకు ఆమె ఒక్కతే మిగులుతుంది, మధ్యలో పెట్టడానికి ఇంకో చెయ్యి ఉండదు. పోకుండా ఉంటే ఇద్దరం మిగులుతాం. గది తాళంచెవి కుర్తా జేబులో తొడకు గుచ్చుకుంటోంది. ఇవాళ ఆమె చేతిలో బట్టల సంచి ఏమైనా ఉందా అని ఇంటి దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. లేదు. టిఫిన్ డబ్బా ఒక్కటే. అయితే రాదు. రాకపోతే చావనీ. చావనీ అని అనుకున్నానా? అనుకున్నాను. వెంటనే చీపురు పుల్ల తీసి అన్న చూస్తుండగానే కట్టులోకి గుచ్చి, నెత్తురొచ్చేలా గోకాను.

"కనకరాజు తాలూకు ఎవరు? రాండ్రి!" అని లోపల నుంచి పిలుపు. తెచ్చినవాళ్ళ పేరుతోనే పిలుస్తారు ఇక్కడ, నా పేరు ఎవరికీ అక్కర్లేదు. ముగ్గురం పరదా దాటాం. ఆ పరదా ఎప్పుడూ సగమే ఉంటుంది, బెంచీల మీదివాళ్ళు మెడ చాస్తే అంతా కనబడుతుంది. మొగిలయ్య తాత కత్తెరతో గుడ్డ కోశాడు, ఎండి గట్టిపడిన సొన పెళపెళమంటూ ఊడింది, వెదురు బద్దలు ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టాడు. కింద నా చెయ్యి బయటపడింది, తెల్లగా, సన్నగా, ముడతలు పడి, పీనుగ చెయ్యిలా. ఆయన బొటనవేలితో ఎముక వెంట నడిచాడు, ఒకచోట ఆగాడు, మళ్ళీ వెనక్కి నడిచి మళ్ళీ అక్కడే ఆగాడు. నాకే కనబడుతోంది, చెయ్యి అక్కడ కొంచెం పక్కకు పోయింది. "రెండో కట్టుకే నాకు అనుమానమొచ్చింది. వంకర కూసున్నది బిడ్డా. ఇట్లనే ఉంటె నీ చేతికి బలం రాదు, మెషిన్ పని నీతోని కాదు. ఇంకా లేతగున్నది. మళ్ళ ఇరిచి కూసోవెట్టాలె" అన్నాడు. మళ్ళీ విరవాలి. ఆ చప్పుడు మళ్ళీ. "ఆ దినం నోరు మూసుకున్నవ్ గద, కండ రాయి లెక్క బిగవట్టినవ్, అందుకె ఇట్లయింది. గీసారి గూడ మూసుకుంటె నేను ముట్ట, దవాఖానకు పోయి ఆపరేషన్ జేపిచ్చుకోరి." అన్న ఆదరాబాదరాగా అన్నాడు, "తిడ్తది తాతా, తిడ్తది, నేను పట్టుకుంట." చొక్కా చేతులు మడుస్తున్నాడు. మడుస్తుంటే నరాలు కనబడుతున్నాయి, రాడ్డు ఎత్తినప్పుడు తేలిన నరాలే. ఆ వేళ్ళు నా మోచేతి పైన పడతాయి. మళ్ళీ వాడే పట్టుకుంటాడు, మళ్ళీ విరుగుతుంది, మళ్ళీ నాకు మాట రాదు, చెయ్యి ఇట్లాగే వంకరగా జీవితమంతా, మెషిన్ ముందు నిలబడలేని చెయ్యి, ఉద్యోగం పోతుంది, గది పోతుంది. వద్దు, వీడు వద్దు అనాలి, అనాలి, నాలుక పైకి అంటుకుపోయింది, వాడి చెయ్యి వస్తోంది.

"ఇది పట్టుకోరి" అంది వదిన. టిఫిన్ డబ్బా అన్న రెండు చేతుల్లో పెట్టింది. ఎప్పుడూ ఆమె ఇచ్చింది పుచ్చుకునే అలవాటు వాడిది, పుచ్చుకున్నాడు. వాడికి ఏం జరిగిందో తెలిసేలోపలే ఆమె వాడికీ నాకూ మధ్యలోకి వచ్చి నేల మీద మోకాళ్ళు ఆనించి నా మోచెయ్యి పట్టుకుంది. నీళ్ళ బిందెలు ఎత్తిన చేతులు, రొట్టె పిండి పిసికిన చేతులు, ఇంత బలం ఉందా వీటిలో? అన్న "ఏయ్, నీతోని గాదు, లే" అన్నాడు. ఆమె లేవలేదు. మొగిలయ్య తాత ఆమెను చూశాడు, అన్నను చూశాడు, నా మణికట్టు పట్టుకుని తన పాదం ముక్కాలిపీటకు ఆనించి "గట్టిగ పట్టు బిడ్డా. నువ్వు తిట్టు" అన్నాడు. లాగాడు. కళ్ళ ముందు తెల్లగా అయింది. నా దవడలు బిగుసుకుంటున్నాయి, బిగుసుకుంటున్నాయి, నాకు తెలుస్తూనే ఉంది, ఆపలేకపోతున్నాను.

"కనకరాజూ!"

ఎవరిదో గొంతు. ఎవరు అరిచారో నాకు అర్థం కాలేదు, ఆ పేరు ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు. "ఓ కనకరాజూ! నీ చేతులిరగ! నిన్ను మన్నుల వెట్ట! బాత్రూంల జారలేదు తాతా, ఇగో వీడు గొట్టిండు, షట్టర్ రాడ్‌తోని గొట్టిండు! నన్ను సంపబోతె పిల్ల అడ్డమొచ్చింది! నా ఈపు సూడు, నా చెవి సూడు, కనకరాజూ, నీ పాడె గట్ట కనకరాజూ!" ఆమె నన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తూ అరుస్తోంది, ఉమ్మి నా చెంపల మీద పడుతోంది, కళ్ళు మూసుకోలేదు, ఒక్కసారి కూడా మూసుకోలేదు. నా నోరు తెరుచుకుంది. నేను దాచుకున్న తిట్లు ఒక్కటీ గుర్తు రాలేదు, ఆమె మాటలే అందుకుని అరిచాను, నీ చేతులిరగ, కనకరాజూ, నీ చేతులిరగ, ఇద్దరం ఒకే గొంతుతో. పచ్చి కట్టె చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి నేను దాని కన్నా గట్టిగా అరుస్తున్నాను.

బెంచీలు నవ్వలేదు. కనకరాజు ఎవరో అందరికీ తెలుసు, ఇప్పుడే పేరు పిలిచారు కదా. పరదా పక్క నుంచి విరిగినవాళ్ళంతా చూస్తున్నారు, కట్టు చేతులవాళ్ళు, కర్రల మీదివాళ్ళు, తుంటి విరిగిన ముసలమ్మ కూడా మెడ చాచింది. అన్న మొహం నల్లబడింది, చెయ్యి లేవబోయింది, లేస్తే డబ్బా కింద పడుతుంది, డబ్బా పట్టుకునే నిలబడ్డాడు. "ఇంటికి రా నువ్వు, నీ సంగతి..." అని గొణిగాడు, గొంతు సగంలోనే పోయింది. మొగిలయ్య తాత ఎవరి వంకా చూడకుండా ఎముక మీద బొటనవేలు నడిపాడు, ఈసారి ఎక్కడా ఆగలేదు. "కూసున్నది" అన్నాడు. సొనలో మినప్పిండి కలిపి గుడ్డ ముంచాడు, కొత్త బద్దలు తీసుకున్నాడు. చెమట కళ్ళలోకి కారి మండుతోంది. వదిన ఇంకా నా చెయ్యి వదల్లేదు. ఆమె ముంజేతి మీద నా గోళ్ళు దిగిన చోట నెత్తురు ఊరుతోంది, అది చూసుకోలేదు. ఊపిరి అందక, గొంతు బొంగురుపోయి, నా చెవి దగ్గరికి వంగింది.

"చంద్రికా, ఆ గది తాళంచెయ్యి నీ కాడనే ఉన్నదా?"

ఎడమ చెయ్యి జేబులో పెట్టి తీశాను. చెమటకు తడిసి ఉంది. ఆమె పిడికిలి తెరిచి అందులో పెట్టాను.